రెండు డబ్బాల ఇత్తడి

గంట ఆగాలి. దెబ్బ తిన్న ఎల్క్ దుప్పి వెంట అప్పటికప్పుడే పడితే అది ఉన్న ప్రాణమంతా కాళ్ళలోకి తెచ్చుకుని రెండు కొండలు దాటిపోయి ఎవరికీ దొరకని చోట చస్తుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే కాస్త దూరం పోయి, ఏ చెట్టు కిందో మోకాళ్ళు మడుచుకుని పడుకుంటుంది, అలా పడుకున్నది మళ్ళీ లేవడం తక్కువ. మోంటానా కొండల్లో పుట్టి అక్కడే ముసలిదైన మార్డెల్‌కి ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు నాన్న పక్కన, పెళ్ళయ్యాక మొగుడి పక్కన, ఇలాంటి గంటలు ఎన్ని కూర్చుందో, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, గుసగుసగా ఊళ్ళోవాళ్ళ మీద చెప్పుకుంటూ, ఒకోసారి కునుకు కూడా తీస్తూ. కానీ ఈ గంట అలాంటిది కాదు. పడిపోయిన మాను మీద మొగుడు ఆరిన్ ఒక కొసన, తను ఒక కొసన. కిందటి రాత్రి పడిన మంచు మీద నెత్తురు చుక్కలు, ఎర్రగా కాదు, బాగా ముదిరిన నేరేడు రంగులో, అంటే కాలేయానికి తగిలిందన్నమాట, చస్తుంది గాని వెంటనే చావదు. పైనుంచి మళ్ళీ మంచు మొదలైంది, సన్నగా, జల్లించిన పిండిలా, ఆ చుక్కల మీదే పడుతోంది, ఒక్కో చుక్కా గులాబీ రంగుకి తిరిగి, తర్వాత తెల్లబోతోంది. ఎడమ చేతి తొడుగులో, అరచేతికీ ఉన్నికీ మధ్య, పేలని తూటా ఒకటి ఒత్తుకుంటోంది. అది అక్కడ ఉందని ఆరిన్‌కి తెలీదు.

ఆరిన్ తొడుగులు తీసేసి చేతులు చూసుకుంటున్నాడు. ఆ చేతులు వణుకుతున్నాయి, చలికి కాదు, రెండేళ్ళుగా అవి అంతే, కప్పు పట్టుకున్నా అంతే, పడుకున్నా అంతే. ఒకప్పుడు ఆ చేతులతోనే కదా గడియారం విప్పి మళ్ళీ బిగించింది, ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడని తిప్పింది, తన జడలో చిక్కు పడిన ముళ్ళు ఒక్క వెంట్రుక తెగకుండా తీసింది. ఎటో పోతున్న మనసుని వెనక్కి లాక్కుంది మార్డెల్. కానీ అది వెనక్కి వచ్చిన చోటే కాలుతోంది, ఏం చెయ్యను. మొదటి గుండు పేలింది, ఎల్క్ ముందుకు తూలింది, పారిపోలేదు, పక్కకి తిరిగి బిత్తరపోయి నిలబడింది, నిండు దేహం చూపించి, రెండో దెబ్బకి అంతకంటే మంచి సమయం ఎవడికి దొరుకుతుంది. ఆరిన్ తుపాకి వెనక గడియ లాంటి బోల్టు లాగాడు, ఖాళీ గొట్టం ఎగిరిపడింది, బోల్టు ముందుకు తోశాడు, కిందికి వంచబోయాడు, వంగలేదు. మళ్ళీ నొక్కాడు. అరచేతి మడమతో కొట్టాడు. ఎల్క్ చూస్తూనే ఉంది. అప్పుడు తోక చూపించి, తొందరేమీ లేనట్టు, గుట్ట వెనక్కి వెళ్ళిపోయింది. ఆరిన్ ఆ తూటాని బయటికి లాగి మంచులోకి విసిరాడు. మార్డెల్ కాలు జారినట్టు నటించింది. ఈ వయసులో నటన! మోకాలి మీద కూలబడి, దాన్ని తీసి తొడుగులో దోపుకుంది. వేలితో తడమగానే తెలిసిపోయింది, లేదు, తడమకముందే తెలుసు, బోల్టు వంగనప్పుడే తెలుసు, ఎల్క్ కంటే ముందే తన గుండె గుట్ట దాటిపోయింది.

ఇత్తడి మరిచిపోదు అనేవాడు ఆరిన్. పెళ్ళయిన కొత్తలో, బేస్‌మెంట్‌లో బల్ల ముందు తనని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది, తూటా కూర్చునే ఆ తుపాకి అర ఎంత ఉంటే అంత అవుతుంది, సందు లేకుండా. ఏ రెండు తుపాకుల అరలూ ఒక్కలాగ ఉండవు, పైకి ఒకే కొలత అని రాసి ఉన్నా సరే. అందుకే ఒకసారి నా తుపాకిలో పేలిన గొట్టం నాదే, మళ్ళీ మందు కూరి వాడుకునేటప్పుడు దాని ఒళ్ళు ముట్టుకోనక్కర్లేదు, ఒక్క మెడ నొక్కితే చాలు, మెడ బిగిస్తే కొత్త గుండు కదలకుండా కూర్చుంటుంది, మిగతా ఒళ్ళంతా నా అరకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది, అప్పుడు గుండు చెప్పిన మాట వింటుంది. ఇదంతా చెప్పి, ఆమెకి బోధపడలేదనుకుని, మేకుకి వేలాడుతున్న వాళ్ళ నాన్న పాత కోటు తీసి ఆమెకి తొడిగాడు. భుజాలు జారిపోయి, మోచేతుల దగ్గర ఎవరివో మోచేతులు చేసిన గూళ్ళు. చూశావా, మనిషి పోయినా కోటు ఆయన్ని విడవలేదు, అన్నాడు. ఆమె నవ్వింది, అతను ముద్దు పెట్టుకున్నాడు, ఆ వేళకి మెడల పని ఆగిపోయింది. గొట్టం మెడ నొక్కే అచ్చులోకి పోయేముందు దాని లోపల బ్రష్‌తో తుడిచి, పెన్సిలు పొడి లాంటి నల్లపొడిలో ముంచి, మీట కిందికి లాగితే చిన్న రాపిడి, వెన్నలోకి చెంచా దిగినట్టు. అనుమానం ఉంటే కొవ్వొత్తి పొగలో మెడని నల్లగా పట్టి, అచ్చులోకి పంపి, మసి ఎంతవరకు చెరిగిందో చూసుకోవడం. ఆమె తుపాకి పట్నంలో తాకట్టు కొట్లో కొన్నది, అర కాస్త విశాలం, అందులో ఉబ్బిన గొట్టం అతని దాంట్లో దూరదు. అందుకని అతని గొట్టాలు కాఫీ డబ్బాలో, ఆమెవి బిస్కెట్ డబ్బాలో. నీ వాటి అడుగున గోళ్ళ రంగు చుక్క పెట్టు మార్డీ, ఎప్పుడైనా కలిసిపోతే చచ్చే చావు, అని ఎన్నిసార్లు చెప్పాడు. మొదట్లో పెట్టింది, ఎర్రగా, ముద్దుగా. తర్వాత గోళ్ళకే రంగు వేసుకోవడం మానేసింది, ఇక తూటాలకేం వేస్తుంది.

పోయిన చలికాలం ఒక సాయంత్రం ఆరిన్ తుపాకి మందు కొలుస్తున్నాడు. చిన్న గరిటెలోంచి గొట్టంలోకి పోయాల్సిన మందు బల్ల మీద, ఒళ్ళో, నేల మీద, నల్ల ఆవాల్లాగ దొర్లిపోయింది. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చీపురు తెచ్చి, తుడిచి, స్టూలు మీదనుంచి దిగి, ఇక ఈ పని నీదే అన్నట్టు దాన్ని ఆమె వైపు జరిపి, పైకి వెళ్ళిపోయాడు. ఆ స్టూలు చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అంతటి పెద్దరికం అప్పగించినవాడికి తను చేసిందేమిటి. వసంతంలో నీళ్ళ బాయిలరు కారి బేస్‌మెంట్ చిత్తడి అయినప్పుడు, అలమర తుడుస్తుంటే మోచెయ్యి తగిలి రెండు డబ్బాలూ కిందపడ్డాయి. సిమెంటు నేల మీద ఇత్తడి గలగల, ఎంత అందంగా మోగిందని. ఒకటే కంపెనీవి, ఒకే ఏడు కొన్నవి, రంగు చుక్క లేదు, ఏది ఎవరిదో దేవుడికే ఎరుక. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకపోయినా, అన్నింటికీ గ్రీజు రాసి ఒళ్ళంతా నొక్కే అచ్చులోకి పంపొచ్చు, అప్పుడు ఎవరి గొట్టమైనా ఏ తుపాకిలోనైనా దూరుతుంది. కానీ ఆ మీట లాగాలంటే భుజం పీకుతుంది, గ్రీజు తుడవాలి, జిడ్డు. అది కూడా కాదు అసలు సంగతి. నేను చెప్పలా, అని అతను అంటాడు. ఆ రెండు ముక్కలు పడలేక, కంటికి ఆనిన లెక్కన ఇవి నీవి ఇవి నావి అని రెండు డబ్బాల్లో పోసేసి, మెడలొక్కటే నొక్కి, మందు పోసి, గుండు పెట్టి, పెట్టెలో సర్దింది. వేట ముందర ప్రతి తూటానీ పెరట్లో తుపాకిలో వేసి చూసుకోవడం ఆరిన్ అలవాటు. ఈ ఏడు అతను చూడలేదు. గుమ్మంలో నిలబడి, వేసి చూశావా, అని అడిగాడు. చూశాను, అంది. పైనున్న ఒకటి రెండు చూసింది, మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే మరీ దరిద్రం, పూర్తి అబద్ధమైతే కనీసం సిగ్గుపడటానికి తిన్నగా ఉండేది.

"చేతులు అయిపోయాయి, మార్డీ," అన్నాడు ఆరిన్, ఆ చేతుల్నే చూస్తూ.

ఆమె ఎడమ పిడికిలి ఒళ్ళోకి లాక్కుంది.

"బోల్టు వంచడానికి కూడా సత్తువ లేదు. కొయ్యలాగ చూస్తూ నిలబడ్డాను. అదే నన్ను చూసి జాలిపడి వెళ్ళింది."

"చల్లగా ఉంది కదా," అంది. చల్లగా ఉందట. నోరు తెరిచి అన్నమాట అది.

"ఇదే ఆఖరు. ఈ ఎల్క్‌ని కిందికి దించేశాక, ఇక నేను కొండెక్కను."

అప్పుడు జరిగింది లోపల ఒకటి. అది తలచుకుంటేనే మార్డెల్‌కి చెవులు వేడెక్కుతున్నాయి, ఇంత మంచులో. ఆ మాట వినగానే ఆమెకి ఊరట కలిగింది. ఔను, ఊరట, ఒలిచి చెప్పాలంటే సంతోషం. ఎన్నాళ్ళనుంచి అనుకుంటోంది ఈ మాట అతని నోట రావాలని. ఫోనులో కూతురు డీనా, అమ్మా నాన్నని ఇంకా ఆ కొండల మీదికి ఎందుకు తోలుతున్నావు, పడితే ఎవరు మోస్తారు, అని ప్రతి ఆదివారం. కిందటేడు వాగు దాటుతూ అతను జారినప్పుడు కాలర్ పట్టుకుని లాగింది, ఆ రాత్రి పడుకున్నా చేతిలో ఆ గుడ్డ బరువు పోలేదు. బతిమాలింది, అలిగింది, ఒకసారి ఏడ్చింది కూడా, లాభం లేకపోయింది. ఇప్పుడు చూడు, ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. తొడుగులో చెయ్యి బిగించుకుని గంట గడిపితే, ముసలాయన జన్మలో మళ్ళీ కొండెక్కడు, పొయ్యి పక్కన కూర్చుంటాడు, క్షేమంగా, తన చేతులు తనని నట్టేట ముంచాయని నమ్ముతూ, రోజూ వాటిని ఇలాగే చూసుకుంటూ. తన తప్పుని అతని చేతుల మీదికి తోసి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకోవచ్చు. ఎంత తేలిక. ఎల్క్ కడుపులో నెత్తురు కారుతూ ఎక్కడో పడుకుని ఉంది, ఇక్కడ తను లాభం చూసుకుంటోంది. చర్చిలో పాట పాడేటప్పుడు ముందు వరసలో నిలబడే మనిషి! మార్డెల్ తొడుగులో తూటాని నలిపింది. అది వేడెక్కింది, అరచేయంత వేడి, ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ళ వేడి తెచ్చుకుంటుంది ఇత్తడి.

కింద కొమ్మలు చిటపటలాడాయి. వెర్ల్ వచ్చాడు, పక్క పొలం వెర్ల్, మాంసం మోయడానికి కంచర గాడిదల్ని కింద వాగు దగ్గర కట్టేసి, రొప్పుతూ, మీసాల నిండా మంచు.

"ఏమోయ్ ఆరిన్, ఒక్కటే మోగింది? రెండోది ఇంట్లో మరిచిపోయొచ్చావా?"

"బోల్టు పడలేదు."

"పడకపోవడమేమిటి, కొత్త పెళ్ళికూతురా బెట్టు చెయ్యడానికి?"

"నవ్వకు వెర్ల్. తోశాను, వంగలేదు. చేతుల్లో సత్తువ లేదు."

వెర్ల్ నవ్వు ఆగిపోయింది. తుపాకిని చూశాడు. తర్వాత, ఇదుగో ఇది మార్డెల్ బతికినన్నాళ్ళూ మరిచిపోదు, ఆమెని చూశాడు, ఆమె మొహాన్ని కాదు, బిగించిన ఎడమ పిడికిలిని. వెర్ల్‌కి తెలిసిపోయింది. ఎవరికి తెలియకపోయినా వెర్ల్‌కి తెలుస్తుంది, ఎందుకంటే ఇదే పీడ అతనికీ పట్టింది, అదీ నలుగురిలో. ఎన్నేళ్ళ కిందటి మాట, ఎవరో చనిపోయినాయన సామాను అమ్ముతుంటే బకెట్టు నిండా ఖాళీ గొట్టాలు చవగ్గా కొనుక్కొచ్చి, మెడలు నొక్కి, తూటాలు కట్టుకుని గురి చూసే మైదానానికి వచ్చాడు. బోల్టు సగంలో పట్టేసింది, ముందుకీ వెనక్కీ రాదు, చివరికి చెక్కముక్కతో కొట్టి తీయాల్సొచ్చింది. అందరూ నవ్వారు. మార్డెల్ నవ్వి ఊరుకోలేదు. అందరికీ వినపడేలా, "ఏం వెర్ల్, ఎవరి పక్కలో పడుకొచ్చాయో కనుక్కోకుండానే ఇంటికి తెచ్చేసుకున్నావా?" అంది. మైదానం అంతా పగలబడి నవ్వింది. ఆ నెలలోనే వెర్ల్ పెళ్ళాం ఇంకొకడితో వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చి ఉంది. మార్డెల్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే అంది. నాలుక చివర వేడిగా ఉన్న మాటని ఉమ్మకుండా ఉండలేక అంది. వెర్ల్ మొహం ఎర్రబడి, టోపీ సర్దుకుని, వాళ్ళతో పాటే నవ్వాడు పాపం. ఆ మాట ఊళ్ళో ఎన్నేళ్ళు తిరిగిందని, బార్‌లో, మంగలి షాపులో, వాళ్ళావిడ మళ్ళీ వెళ్ళిపోయాక కూడా.

ఇప్పుడు అతని వంతు. అను, అనుకుంది మార్డెల్. నా మాట నాకు తిప్పికొట్టు, నేను కాచుకుంటాను. లోపల ఒక మూల అలా అంటాడనే ఆశపడింది కూడా, తను చెప్పక్కర్లేకుండా పోతుందని, సిగ్గులో కూడా బద్ధకం చూడు.

వెర్ల్ మీసాల మంచు దులుపుకున్నాడు. "చలికి బోల్టులో నూనె గడ్డ కడుతుంది, ఆరిన్," అన్నాడు మెల్లగా. "నాకూ అయింది. దాంట్లో ఎవరి తప్పూ లేదు."

మార్డెల్ తల దించుకుంది. ఆ మాట చెంప మీద కొడితే ఇంత నొప్పి పుట్టదు.

"నూనె కాదులే," అన్నాడు ఆరిన్. ఒళ్ళో తుపాకి ఎత్తాడు, దాని చెక్క మీద ఏళ్ళ తరబడి అతని దవడ తగిలి నున్నబడిన చోట ఒకసారి బొటనవేలితో రాశాడు, వెర్ల్ వైపు చాచాడు. "ఇది నువ్వు తీసుకో. ఎల్క్‌ని నువ్వే పడగొట్టు. తర్వాత నీ దగ్గరే ఉంచుకో."

వెర్ల్ చెయ్యి చాచలేదు. తుపాకి గాల్లో ఉంది, వణుకుతోంది, ఆ వణుకుకి దాని మీద పడిన మంచు పొడిపొడిగా రాలుతోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే వెర్ల్ తీసుకుంటాడు, మర్యాదకైనా తీసుకుంటాడు, అయిపోతుంది, పొయ్యి పక్కన కుర్చీ, ఆదివారం డీనా ఫోను, మంచిదమ్మా నాన్న మానేశారు. మార్డెల్ ఎడమ తొడుగు పళ్ళతో పట్టి లాగింది. తూటా అరచేతిలో చిన్న ఎర్రటి గాడి చేసి కూర్చుని ఉంది.  తన తుపాకి తీసి, బోల్టు తెరిచి, ఖాళీ చేసి ఆరిన్ ఒళ్ళో పెట్టింది, దాని పక్కన తూటా పెట్టింది.

"ఇందులో వేసి చూడు."

"ఇదెక్కడిది?"

"నువ్వు విసిరిందే. వేసి చూడు."

అతను తుపాకి మూతి కొండ వైపు తిప్పాడు. వణుకుతున్న వేళ్ళతో తూటాని అరలో పెట్టడానికి కాస్త సేపు పట్టింది. బోల్టు తోశాడు. రెండు వేళ్ళు, అంతే, రెండే వేళ్ళు వేశాడు దాని మీద, తలుపు గొళ్ళెం పడినట్టు మెత్తగా కిందికి వాలిపోయింది. సొంతింట్లోకి వచ్చినట్టు.

ఆరిన్ బోల్టు ఎత్తి, మళ్ళీ ఒకసారి వాల్చి చూశాడు. వెర్ల్ గాడిదలు కనిపించని వైపుకి తిరిగి, గాడిదల్ని చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"రెండు డబ్బాలూ కలిపేశావా?"

"కలిసిపోయాయి. బాయిలరు కారినప్పుడు. నేనే పడేశాను."

"వేసి చూశానన్నావు."

"పైవి రెండే చూశాను."

నేను చెప్పలా అంటాడని ఎదురుచూసింది. ఆ రెండు ముక్కల కోసమే కదా ఇంత జరిగింది. అతను అనలేదు.

"సరే, అది వసంతంలో మాట," అన్నాడు. "ఇప్పుడు ఈ గంటసేపూ ఏం చేస్తున్నావు?"

దీనికి చాలా జవాబులున్నాయి, భయమేసిందనొచ్చు, నోరు పెగల్లేదనొచ్చు, రెండూ నమ్మేవే. "నువ్వు మానేస్తావని చూస్తున్నాను," అంది మార్డెల్. "నీ చేతులదే తప్పనుకుని మానేస్తే బాగుండునని."

మంచు పడుతూనే ఉంది. ఆరిన్ ఆమె తుపాకిలోంచి తూటా తీసి ఆమె చేతిలో పెట్టాడు, చెయ్యి తగలకుండా పెట్టాడు. తర్వాత జేబులో తూటాలు ఒక్కోటి తీసి తన తుపాకిలో వేసి, బోల్టు వంచి, తీసి, చూడ్డం మొదలెట్టాడు. బోల్టు పడినవి తన కుడి జేబులోకి. పడనివి ఆమె వైపు చాచిన చేతిలోంచి ఆమె దోసిట్లోకి. పడనప్పుడల్లా బోల్టు టక్కుమని ఆగేది, ఆ చప్పుడికి మార్డెల్ భుజాలు ముడుచుకునేవి. వాటిని కోటు జేబులో వేసుకుంది.

"మొదటి దెబ్బ గుండెకి కాక వెనక్కి తగిలింది," అన్నాడు లేస్తూ, ఆమెతోనో వెర్ల్‌తోనో తెలీకుండా. "అది మాత్రం నా చెయ్యే. దాన్ని కూడా నెత్తినేసుకోకు. పదండి, గంట అయింది, జాడ కప్పేస్తోంది."

ముందు ఆరిన్, వెనక ఆమె, ఆ వెనక వెర్ల్. గులాబీ రంగు మరకలు, తర్వాత మరకలు కూడా కాదు, మంచు మీద మంచు కాస్త వేరుగా పడిన చోట్లు, ఆరిన్ వంగి వేలితో పైపొర తీసి, కింద నేరేడు రంగు చూసుకుని, కదులుతున్నాడు. అడుగు వేసినప్పుడల్లా ఆమె జేబులో తూటాలు గలగలమంటున్నాయి, చర్చిలో చందా పళ్ళెంలాగ, ఊరందరికీ వినిపించేంత. వెర్ల్ వింటున్నాడు. వెనక్కి తిరిగి అతనికి ఏమైనా చెప్పాలి, ఆ పాత మాట గురించి, కానీ ఏమని, అన్న మాటని ఏ అచ్చులో పెట్టి వెనక్కి నొక్కుతాం. వెనక్కి తిరిగింది. "వెర్ల్," అంది. అతను చూశాడు. "ముందు చూసి నడువు మార్డెల్, వేరు ఉంది," అన్నాడు. అంతే. ఆమె వేరు దాటింది.

స్ప్రూస్ చెట్ల గుంపు కింద, కొమ్మలు నేలకి ఒరిగిన చోట, ఎల్క్ పడుకుని ఉంది. తల ఇంకా ఎత్తే ఉంది. ఊపిరి పొగ చిన్న చిన్న మబ్బుల్లా వస్తోంది. ఆరిన్ ఆగాడు. చెట్టు బోదెకి ఎడమ చెయ్యి ఆనించి, దాని మీద తుపాకి ఆనించాడు. తిరిగి చూడకుండా అన్నాడు:

"చప్పుడు, మార్డీ."

మళ్ళీ మార్డీ అన్నాడు. ఆమె జేబులో చెయ్యి పెట్టి తూటాలన్నీ గుప్పిట్లోకి తీసుకుంది, ఒకదానికొకటి తగలకుండా, వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకుంది. బోల్టు వంగింది. తుపాకి మూతి సన్నగా వణికింది, చెట్టు బోదె ఆ వణుకుని కాస్త తనలోకి తీసుకుంది. ఆరిన్ ఊపిరి వదిలి, ఆగాడు. పేలింది. ఎల్క్ తల, బరువు దించుకున్నట్టు, మంచు మీదికి వాలింది. అవసరం లేకపోయినా, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆరిన్ రెండో తూటా ఎక్కించాడు. బోల్టు ముందుకు పోయింది, కిందికి వాలింది, గొళ్ళెం పడినట్టు. ఆ రెండో చప్పుడు విన్నాక గాని మార్డెల్ పిడికిలి వదల్లేదు.